రెండు లక్షలు కట్టాం, రెండో దారేదని అడగలేదు

మొన్న ఆదివారం నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటు క్లబ్బుహౌసులో ఒక సభ జరిగింది. సభంటే పెద్ద సభేం కాదు. ఎనిమిది మంది సాఫ్ట్‌వేరు జీవులు, ఫ్లాస్కు నిండా చాయ్, రెండు ప్యాకెట్ల ఉస్మానియా బిస్కెట్లు, గోడ మీద ప్రొజెక్టరు. విషయం ఏంటంటే, ఈసారి సెలవలకి మాల్దీవుల్లో లైవ్‌అబోర్డ్ డైవింగ్.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. లైవ్‌అబోర్డ్ అంటే వారం రోజులు పడవలోనే కాపురం. అక్కడే తిండి, అక్కడే పడక. రోజుకి మూడు నాలుగు సార్లు సిలిండరు కట్టుకుని సముద్రంలో దూకడం, పైకొచ్చి తినడం, పడుకోవడం, మళ్ళీ దూకడం. మాల్దీవుల్లో వీటిని సఫారీ బోట్లు అంటారు. సిలిండర్లు, వాటిలో గాలి నింపే కంప్రెసరు పెట్టుకుని ధోనీ అనే ఇంకో పడవ వెంట వస్తుంది. ఒడ్డు నుంచి వెళ్ళొచ్చేవాళ్ళకి అందని చోట్లకి తీసుకెళ్తాయి కాబట్టి డైవింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇది కాశీయాత్ర లాంటిది.

సరే, సభకొద్దాం. మా వాళ్ళు అడిగిన ప్రశ్నలు చూడండి. వైఫై ఉంటుందా? శాకాహారం విడిగా వండుతారా? ఏసీ రాత్రంతా వేస్తారా? నీళ్ళలో వీడియో తీసేవాడు ప్యాకేజీలోనే వస్తాడా, విడిగా ఇవ్వాలా? ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా? (ఇది అడిగింది నేనే, దాచడం ఎందుకు.) ఒకాయన పాత ప్రయాణికుల సమీక్షలు నూట ఎనభై చదివి, వాటిని ఎక్సెల్లో పెట్టి, పివట్ టేబుల్ వేసుకుని వచ్చాడు. నిజంగా!

అన్నీ అయ్యాక నేను ఒక్కటి అడిగాను. "రాత్రి రెండింటికి పడవకి నిప్పంటుకుంటే మన గదుల్లోంచి బయటికి ఎన్ని దారులున్నాయి? ఆ టైములో మేలుకుని ఉండేదెవరు?"

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ "శుభమా అని బయల్దేరుతుంటే అవేం మాటలండీ" అంది. ఇంకొకాయన "గురూగారికి సముద్రమంటే భయం" అని తేల్చేశాడు. అందరూ నవ్వారు. చర్చ మళ్ళీ వీడియోల మీదకి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు మీదే ఈ టపా.

*

ముందే చెప్పేస్తాను, నేను డైవింగ్ వద్దనే బాపతు కాదు. నాకూ సర్టిఫికెట్ ఉంది. మంటా రే నెత్తి మీదుగా వెళ్తుంటే ఊపిరి తీయడం మర్చిపోయిన సందర్భాలు నాకూ ఉన్నాయి (ఊపిరి బిగబట్టకూడదనేదే అక్కడి మొదటి నియమం, అది వేరే సంగతి). వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నా గొడవల్లా, మనం వెళ్ళే పద్ధతి మీద.

రెండేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంటు నుంచే ఆరుగురం ఒక లైవ్‌అబోర్డ్ మీద వెళ్ళాం. పడవ పేరు చెప్పను, దేశం పేరు కూడా చెప్పను. ఆ ఒక్క పడవని తిట్టడం నా ఉద్దేశం కాదు. మనిషికి రెండు లక్షలు దాటింది. మాకిచ్చిన గదులు కింది అంతస్తులో, అంటే నీటిమట్టానికి కింద. పైకి రావడానికి ఒక మెట్లదారి. అది కాక వసారా చివర పైకప్పులో ఒక మూత, దాని కింద నిచ్చెన, మీద ఆకుపచ్చ బొమ్మ. అత్యవసర ద్వారం అన్నమాట. మొదటి రాత్రి నిద్ర పట్టక లేచి దాన్ని తోసి చూశాను. కదల్లేదు. పైకి వెళ్ళి చూస్తే ఆ మూత మీద మావే, మా ఆరుగురి ఖాళీ సూట్‌కేసులు పేర్చి ఉన్నాయి!

అదే హాల్లో, భోజనాల బల్ల పక్కన, ఒక పవర్ స్ట్రిప్పుకి ఇంకో పవర్ స్ట్రిప్పు తగిలించి, కెమెరాలు, టార్చిలైట్లు, ఫోన్లు, పవర్ బ్యాంకులు ఇరవై దాకా ఛార్జింగులో ఉన్నాయి. మనిషి లేడు. పడవంతా తిరిగాను. సరంగుతో సహా అందరూ హాయిగా నిద్రపోతున్నారు.

పొద్దున్న గైడుని అడిగితే నవ్వి "ఏం కాదు సార్, పదేళ్ళ నుంచి ఇంతే" అన్నాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే మా వాడే నా చెయ్యి గిల్లి "ఒరేయ్, పరువు తీయకు, అందరూ చూస్తున్నారు" అన్నాడు. చివరికి సూట్‌కేసులు తీయించాను. తీసిన కుర్రాడికి అరనిమిషం పట్టింది. మూత కింద గొళ్ళెం తుప్పు పట్టి ఉంది, దానికి నూనె వేయించడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. ఆ వారం అంతా మా పరువు చెక్కుచెదరలేదు కానీ, నాకు "సేఫ్టీ ఆఫీసర్" అని పేరు పడింది.

ఇప్పుడు మీరంటారు, ఏమీ జరగలేదుగా అని. నిజమే, మాకేమీ జరగలేదు. జరిగినవాళ్ళ సంగతి చెప్తాను.

*

2019 సెప్టెంబరు 2. అమెరికాలో కాలిఫోర్నియా తీరం, శాంటాక్రూజ్ దీవి దగ్గర లంగరేసి ఉన్న కాన్సెప్షన్ అనే డైవింగ్ పడవ. మూడు రోజుల సెలవల యాత్ర. అది ఉష్ణమండలం కాదు, కానీ ఏర్పాటు అచ్చం ఇదే. కింద బంకులు, పైన హాలు, హాల్లో ఛార్జర్లు. తెల్లవారుజామున మూడు దాటాక మంటలు. కింద పడుకున్న 34 మందీ చనిపోయారు, 33 మంది ప్రయాణికులు, ఒక సిబ్బంది. పైన పడుకున్న ఐదుగురు సిబ్బంది బతికారు. పోయినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

ఆ పడవకి రెండో దారి ఉంది. కాగితం మీద ఉంది, పడవలోనూ ఉంది. కాకపోతే ఆ రెండో దారి, మొదటి దారి కూడా తేలేది ఒకే హాల్లోకి. మంటలున్నది ఆ హాల్లోనే. ఇది చదివినప్పుడు మన వృత్తిలో ఉన్నవాడెవడికైనా కడుపులో దేవినట్టు ఉండాలి. రెండు నెట్‌వర్క్ లింకులు కొని, రెండింటి కేబుళ్ళూ ఒకే గుంటలోంచి లాగి, జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ తెంపితే అప్పుడు "రిడండెన్సీ ఉంది కదా సార్" అనే ప్రబుద్ధుణ్ణి మనం ఏం చేస్తాం?

ఇంకోటి. రాత్రి ఒకడు మేలుకుని పడవంతా తిరుగుతూ ఉండాలని అక్కడ నియమం. ఆ రాత్రి ఎవరూ లేరు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2020లో దీన్నే ఎత్తి చూపింది. మంటలు ఎలా మొదలయ్యాయో ఖచ్చితంగా తేలలేదు. కానీ ఎందుకు అంత పెరిగాయో తేలింది, చూసేవాడు లేక. కెప్టెన్ మీద 2023లో నేరం రుజువైంది, 2024లో నాలుగేళ్ళ శిక్ష పడింది. చట్టాలు కఠినంగా ఉంటాయని మనం చెప్పుకునే అమెరికాలో పరిస్థితి ఇది.

తర్వాతైనా మారిందా? ఈజిప్టు ఎర్రసముద్రంలో 2023 జూన్‌లో హరికేన్ అనే డైవింగ్ పడవ తగలబడి ముగ్గురు బ్రిటిష్ పర్యాటకులు పోయారు. 2024 నవంబరు 25న అదే సముద్రంలో సీ స్టోరీ అనే లైవ్‌అబోర్డ్ తెల్లవారకముందే తిరగబడింది. పదకొండు మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. కొందరు ఆ తిరగబడ్డ పడవలోనే, గాలి మిగిలిన గదుల్లో, చీకట్లో రోజుకి పైగా గడిపి బయటపడ్డారు. సుఖంగా సెలవలు గడపడానికి డబ్బులు కట్టి వెళ్ళినవాళ్ళే వీళ్ళంతా.

*

ఇవన్నీ ఎక్కడో దూరంగా జరిగినవి, మనకెందుకంటారా? కాన్సెప్షన్ తగలబడిన పదమూడు రోజులకి, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అదీ ఆదివారమే. గోదావరికి వరద. బోటులో 77 మంది, బతికింది 26 మంది. ఒడ్డున ఉన్న పల్లెవాళ్ళు పడవలేసుకుని వెళ్ళి లాగకపోతే ఆ 26 కూడా ఉండేవారు కాదేమో. ఎక్కినవాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళున్నారు, వరంగల్ వాళ్ళున్నారు, విశాఖ వాళ్ళున్నారు. నెల దాటాక, అక్టోబరు 22న, కాకినాడ ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కలిసి ఆ బోటుని నది అడుగు నుంచి బయటికి లాగారు. టీవీల్లో అందరం చూశాం. డైవింగ్ అనే మాట మన తెలుగిళ్ళలో అంత ఎక్కువగా వినపడింది ఆ నెల్లోనే. శవాల కోసం దిగిన డైవింగ్ అది.

దానికి రెండేళ్ళ ముందు, 2017 నవంబరులో, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. అప్పుడూ చూశాం, అయ్యో అన్నాం, మర్చిపోయాం.

మాది కోనసీమ. చిన్నప్పుడు నర్సాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. మా అమ్మ పంటు ఎక్కగానే మమ్మల్ని లోపలికి కాకుండా అంచుకి దగ్గరగా నిలబెట్టేది. ఎండగా ఉంది, లోపల నీడుంది అని గోల పెడితే "నీడ కోసం ఇరుక్కోకు, ఏదైనా అయితే దారుండాలి" అనేది. ఆవిడ చదివింది ఐదో తరగతి. జనం ఎక్కువైతే సరంగుతో దెబ్బలాడి దిగిపోయి, తర్వాతి పంటు కోసం అరగంట నిలబడేది. నలుగురూ చూస్తారని ఆవిడకి మొహమాటం లేదు. నీళ్ళకి మొహమాటం ఉండదని ఆవిడకి తెలుసు.

ఆవిడ కొడుకు ఇంజనీరింగ్ చదివి, నల్లగండ్లలో ఫ్లాటు కొని, నీటిమట్టానికి కింద గదిలో, మూత మీద సూట్‌కేసులు పెట్టుకుని పడుకున్నాడు. ఎదగడం అంటే ఇదేనా?

*

మనం మామూలు జనం అయితే ఇంత బాధ లేదు. మనం చేసే ఉద్యోగం ఏంటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎవడో అమెరికా వాడి చెప్పుల దుకాణం వెబ్‌సైటు రాత్రి మూడింటికి నాలుగు నిమిషాలు ఆగితే మనకి ఫోను మోగుతుంది. దానికి ఆన్‌కాల్ రోస్టరు ఉంది, ఒకడు ఎత్తకపోతే ఎత్తడానికి రెండోవాడున్నాడు, మూడోవాడున్నాడు. ఏడాదికోసారి డిజాస్టర్ రికవరీ డ్రిల్లు. ఒక సర్వరు పోతే ఇంకో ఊళ్ళో ఇంకోటి లేస్తుంది. చెప్పుల దుకాణానికి ఇంత చేసే మనం, పెళ్ళాం పిల్లల్తో ఎక్కే పడవ గురించి "రాత్రి ఆన్‌కాల్ ఎవరు?" అని అడగడానికి సిగ్గుపడతాం!

నాకు వచ్చే జవాబులు ఇవీ.

"ప్యాకేజీ వాళ్ళు అన్నీ చూసుకుంటారు." చూసుకోరు. ప్యాకేజీ వాడు ఇక్కడ కూర్చుని పడవలో సీట్లు అమ్ముతాడు, అంతే. ఆ పడవ ఎక్కి చూశాడో లేదో కూడా అడగండి.

"విమానం ఎక్కేటప్పుడు అడుగుతున్నామా?" అడగక్కర్లేదు, అడక్కుండానే చెప్తారు కాబట్టి. ద్వారాలు ఎటున్నాయో చేతులతో చూపిస్తారు, అది చూపించకుండా విమానం లేవదు. పడవ మీద మొదటి రోజు నాకు చూపించింది కాఫీ మెషీను.

"రోజూ ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయేవాళ్ళం, ఇదొక లెక్కా?" ఇది కాస్త ఆలోచించాల్సిన మాటే. రోడ్డు మీద ప్రమాదం ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కారు కొనేటప్పుడు ఎయిర్‌బ్యాగులు ఎన్నో మీరు అడిగారా లేదా? క్రాష్ టెస్టులో ఎన్ని చుక్కలొచ్చాయో చూసి, మా పార్కింగులోనే ఇద్దరు అన్నదమ్ముల్లాంటి స్నేహితులు దెబ్బలాడుకున్నారు. కారుకి అడిగినవాళ్ళు పడవకి ఎందుకు అడగరు? అడిగితే బాగుండదని. అంతకుమించి కారణం లేదు.

"రాసిపెట్టి ఉంటే ఎక్కడైనా పోతాం." సరే అయ్యా, మరి ప్రొడక్షన్ డేటాబేసుకి బ్యాకప్ ఎందుకు తీస్తున్నారు? దానికీ రాసిపెట్టే ఉంటుందిగా!

*

పడవల వాళ్ళనే అని ఊరుకుంటే అన్యాయం అవుతుంది. మన చేతిలో ఉన్నవి మనమే పాడుచేసుకునే సంగతి కూడా చెప్పాలి.

మొదటిది, వైద్య పత్రం. డైవింగ్‌కి ముందు ఒక ప్రశ్నావళి ఇస్తారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, బీపీ మందులు వాడుతున్నారా, ఇలా. కొన్నింటికి "అవును" అంటే డాక్టరు సంతకం కావాలి. మా ఆరుగురిలో ఒకడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఇన్‌హేలరు బ్యాగులోనే ఉంది. అన్నింటికీ "కాదు" కొట్టేశాడు, డాక్టరు దగ్గరికి వెళ్ళే ఓపిక లేక. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైకంటే రెండింతలు. అక్కడ నింపుకున్న గాలి పైకొచ్చేసరికి రెండింతల చోటు అడుగుతుంది. ఊపిరి మామూలుగా వదిలేవాడికి అది దారిన పోతుంది. గొట్టాలు ముడుచుకుని గాలి లోపల చిక్కుకున్నవాడికి ఊపిరితిత్తి చిరగొచ్చు, బుడగ రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకి వెళ్ళొచ్చు. మూడో రోజు మావాడు నీళ్ళలోంచి దగ్గుతూ, పెదాలు నల్లబడి తేలాడు. సాయంత్రానికి తేరుకున్నాడు. వాడి భార్యకి ఈ రోజుకీ చెప్పలేదు. ఆ పత్రంలో అబద్ధం చెప్తే మోసపోయేది డైవింగ్ కంపెనీ అని వాడి లెక్క. ఫెయిలైన టెస్టుని కామెంటు చేసేసి బిల్డు పచ్చగా ఉందని మురిసిపోవడం లాంటిదే ఇది.

రెండోది, సోమవారం మీటింగు. రోజుకి మూడేసి చొప్పున వరసగా రోజుల తరబడి డైవులు చేస్తే ఒంట్లో నత్రజని పేరుకుంటుంది. అది నెమ్మదిగా పోవాలి. విమానం క్యాబిన్లో ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది కాబట్టి, తొందరపడి ఎక్కితే ఆ నత్రజని బుడగలు కడుతుంది. సోడా మూత తీసినట్టు. అందుకే ఇలా రోజుల తరబడి డైవు చేసినవాళ్ళు చివరి డైవు తర్వాత కనీసం 18 గంటలు ఆగాలని సూత్రం. చాలామంది 24 గంటలు ఆగుతారు. మా వాళ్ళల్లో ఒకాయన ఆఖరి రోజు పొద్దున్న డైవు చేసి ఆ రాత్రే విమానం ఎక్కుతానన్నాడు. ఎందుకయ్యా అంటే సోమవారం క్లయింటు కాల్ ఉందట, సెలవు ఇంకోరోజు పొడిగించమని అడిగితే మేనేజరు ఏమనుకుంటాడోనట. చూశారా, మళ్ళీ అదే జబ్బు. అడగడానికి మొహమాటం. పడవవాణ్ణి అడగలేం, డాక్టర్ని అడగలేం, మేనేజర్ని అడగలేం. చివరి డైవు మానేయరా నాయనా అని మేమంతా పట్టుబడితే మూతి ముడుచుకుని మానేశాడు.

మూడోది, బీమా. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉంటాయి, లేదా ఇంత లోతు వరకే అని ఉంటుంది. ఎక్కడో దీవి మీద నత్రజని బుడగలు కడితే కావాల్సింది ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రి, అక్కడికి చేర్చే పడవో విమానమో. ఆ ఖర్చు ఎవరిదో పాలసీ కాగితంలో చూసుకున్నవాడు మా ఆరుగురిలో ఒక్కడూ లేడు. నాతో సహా.

*

కాబట్టి నేనడిగేది పెద్ద విషయమేం కాదు. డబ్బులు కట్టకముందు, మీ వైఫై ప్రశ్న పక్కనే, ఇవి కూడా ఒక మెయిల్లో పెట్టండి.

1. గదుల్లోంచి రెండు దారులున్నాయా? రెండూ వేర్వేరు చోట్లకి తేలతాయా? ఫోటో పంపండి.
2. రాత్రి మేలుకుని తిరిగేది ఎవరు? ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు?
3. బ్యాటరీలు ఎక్కడ ఛార్జింగు పెడతారు? రాత్రి ఆపేస్తారా?
4. పొగ పసిగట్టే అలారాలు గదుల్లో ఉన్నాయా, హాల్లోనూ ఉన్నాయా? ఒకటి మోగితే అన్నిచోట్లా వినపడుతుందా?
5. మొదటి రోజు లైఫ్ జాకెట్లతో, చీకట్లో దారి వెతుక్కునే డ్రిల్లు చేయిస్తారా?
6. ప్రాణవాయువు సిలిండరు ఉందా? దగ్గర్లో ఒత్తిడి గది ఏ ఊళ్ళో ఉంది?

జవాబిస్తే వెళ్ళండి. "ఏం కాదు సార్" అని వస్తే అదీ జవాబే, ఇంకో పడవ చూసుకోండి. ఎక్కాక మొదటి పని ఆ మూత తోసి చూడండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. పది మంది అడిగితే పడవలవాళ్ళు వెబ్‌సైట్లో కాఫీ మెషీను ఫోటో పక్కన అత్యవసర ద్వారం ఫోటో కూడా పెడతారు. మనం అడగం కాబట్టే వాళ్ళు పెట్టరు. వ్యాపారం అంతే కదా, వాడుకరి అడగని ఫీచరు ఎవడు రాస్తాడు?

అన్నట్టు, మొన్నటి సభ తర్వాత లిఫ్టులో ఒక సంగతి జరిగింది. అపశకునం మాటలన్న ఆవిడే, తలుపులు మూసుకున్నాక, మెల్లగా అడిగింది. "నిజంగా దారులు రెండూ ఒకే చోటికి తేలాయాండీ?" అవునన్నాను. ఆ రాత్రే వాళ్ళాయన ఎక్సెల్లో కొత్త గడి ఒకటి చేరింది. పైన శీర్షిక "రెండో దారి". కింద పన్నెండు పడవలు, ఇప్పటికి రెండింటి నుంచే జవాబొచ్చింది.

మిగతా పదింటికి మా సంఘం తరఫున నేను కూడా మెయిల్ కొడుతున్నాను. సేఫ్టీ ఆఫీసర్ అని సంతకం పెట్టి :)